పదహారో రోజున అందిన కబురు

సందేహం: మా తాతగారి అన్నగారి మనవడు, నాకు అన్న వరస, డాలస్‌లో ఉంటాడు. 2024 ఎన్నికలప్పుడు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పార్టీల దగ్గర మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. మొన్న బజారులో ఒకాయన నన్ను పరామర్శిస్తే, డాలస్ అన్న వాళ్ల నాన్నగారు పోయి అప్పటికి పదహారు రోజులైందని తెలిసింది. మాకు మైల ఎన్ని రోజులు? ఇంకొకటి. మా బాబాయిగారి అమ్మాయి పెళ్లయ్యాక క్రైస్తవం పుచ్చుకుంది. వచ్చే మాఘంలో మా గృహప్రవేశానికి ఆమెను పిలవద్దని ఇంట్లో పట్టుబడుతున్నారు. అభిప్రాయాలు కలవనివారితో రాకపోకలు పెట్టుకోవాలని ధర్మం చెబుతుందా?
- ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: ముందు మైల సంగతి. మీరు ఏడు తరాల లోపు జ్ఞాతులు. కబురు పది రోజుల లోపు తెలిస్తే మిగిలిన రోజులు పట్టాలి. పది దాటాక తెలిస్తే, తెలిసిన రోజు నుంచి మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే స్నానంతో శుద్ధి. ఇది మనుస్మృతి అయిదో అధ్యాయంలోని విధి. ఇతర గ్రంథాల్లో కొద్ది తేడాలున్నాయి కనుక మీ ఇంటి పురోహితుణ్ణి కూడా అడగండి.

ఈ విధిలో ఉన్న మనసును చూడండి. మనిషి దేశాంతరంలో ఉంటాడని, కబురు ఆలస్యమవుతుందని, ఒక్కోసారి ఏళ్లు పడుతుందని శాస్త్రానికి తెలుసు. తెలిసిన క్షణాన తల మీద నీళ్లు పోసుకోమంది తప్ప, ఇన్నాళ్లూ మాటల్లేవు కదా, ఇక సంబంధమేమిటి అనలేదు. అభిప్రాయాలు కలిసి మీరు డాలస్ అన్నగారికి తమ్ముడు కాలేదు. అవి కలవకపోతే కాకుండానూ పోరు.

మా ఇంట్లో దూలానికి వేలాడే ఇనుప తీగకు ఉత్తరాలు గుచ్చి ఉండేవి. శుభలేఖలకు నాలుగు మూలలా పసుపు. చావు కబురు తెచ్చిన కార్డును మాత్రం గడప బయటే చదివి, చించేసి, నూతి దగ్గరికి వెళ్లేవారు మా నాన్నగారు. పొలం గట్టు తగాదాలో ఆయనతో పదేళ్లు మాట్లాడని జ్ఞాతి ఇంటి నుంచి కూడా అలాంటి కార్డు వచ్చింది. అది రాయడం వాళ్లు మానలేదు, స్నానం చేయడం ఈయన మానలేదు. మీరు గ్రూపు వదిలినప్పుడు తెగింది ఆ తీగ. వాదన మానడం తప్పు కాదు. కబురు వచ్చే దారి మూసుకోవడం తప్పు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

రాజకీయం మాటకొస్తే, పాండవులకూ కౌరవులకూ మధ్య ఉన్నదానికంటే పెద్ద రాజకీయ వైరం మీ ఇంట్లో ఉండదు. అరణ్యపర్వంలో ఘోషయాత్ర కథ గుర్తుచేసుకోండి. గంధర్వులు దుర్యోధనుణ్ణి కట్టి తీసుకుపోతుంటే, మన పని వాళ్లే చేసిపెట్టారని భీముడు సంతోషించాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. జ్ఞాతుల మధ్య తగవులు ఉంటాయి, పైవాడు వచ్చి మీద పడితే మనం ఒకటే అన్నాడు. తాను యజ్ఞదీక్షలో ఉన్నాను గాని లేకపోతే స్వయంగా వెళ్లేవాణ్ణన్నాడు. విడిపించాక పాత లెక్కలేవీ తీయలేదు. ఇలాంటి సాహసం మళ్లీ చేయకు నాయనా అని పంపేశాడు. దుర్యోధనుడు మారలేదు. అయినా ధర్మరాజు చేసింది పొరపాటని ఎవరూ అనరు. రాజ్యం మీద తన హక్కునూ ధర్మరాజు వదులుకోలేదు. మీరూ మీ ఓటును, మీ అభిప్రాయాన్ని వదులుకోనక్కర్లేదు. దాన్ని పెద్దలూ పిల్లలూ చూసే చోట అన్నగారి మీద విసరకండి, అంతే. ఎదుటివారిని కలతపెట్టని మాట, సత్యమై, ప్రియమై, హితమైన మాట తపస్సని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. అదే శ్లోకంలో వేదాధ్యయనం కూడా ఉంది. రెండింటినీ ఒకే వరసలో పెట్టాడు భగవానుడు.

మీ చెల్లెలి విషయం. మతం విడిచినవారితో పిండోదకాల సంబంధం గురించి స్మృతుల్లో కఠినమైన మాటలే ఉన్నాయి, దాచను. కానీ మీరు అడిగింది శ్రాద్ధం గురించి కాదు, ఆడపడుచును గడపలోకి పిలవడం గురించి. మహాలయ పక్షంలో సర్వకారుణ్య తర్పణం చేసేటప్పుడు పినతండ్రి, మేనమామ, మేనత్త, తోబుట్టువు, అల్లుడు, బావమరిది, గురువు, స్నేహితుడు ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుంటాం. చివర తడిబట్ట పిండి, మన వంశంలో పుట్టి, బిడ్డలు లేక పోయిన, పేరైనా తెలియనివారికి ఆ నీళ్లు వదులుతాం. పేరు తెలియనివారి దాహాన్ని కూడా తలుచుకునే ధర్మం, కళ్లెదుట ఉన్న చెల్లెల్ని గుమ్మం బయట నిలబెట్టమంటుందని నేను నమ్మను. బొట్టు పెట్టి కాకపోయినా నోరారా పిలవండి. ఆమె ప్రసాదం వద్దంటే బలవంతపెట్టకండి, భోజనం మాత్రం దగ్గర కూర్చుని పెట్టండి. క్రిస్మస్‌కు ఆమె పిలిస్తే వెళ్లి పిల్లల్ని ఆశీర్వదించి రండి. మీ సంధ్యావందనం ఎక్కడికీ పోదు.

డాలస్‌లో నెల మాసికం దగ్గరపడుతూ ఉంటుంది. మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్నే. అన్నగారికి ఫోన్ చేయండి. ఆలస్యంగా తెలిసిందని, మూడు రోజులు మైల పట్టామని చెప్పండి. పెదనాన్నగారు చివరి రోజుల్లో ఎలా ఉన్నారో అడిగి, ఆయన చెప్పినంతసేపూ వినండి. ఎన్నికల మాట ఎత్తకండి.