స్పీకరు మారితే యాంప్లిఫయరు అదేనా?

గిటార్ యాంప్లిఫయరులో అరిగిపోయే భాగాల్లో స్పీకరు ఒకటి. కాగితపు కోన్ ఏళ్ల తరబడి ఊగి ఊగి అంచుల దగ్గర చిరుగుతుంది. లోపలి వాయిస్ కాయిల్ మోతాదుకు మించిన కరెంటుకు కాలిపోతుంది, లేదా అయస్కాంతపు సందులో రాసుకుంటూ గరగరలాడుతుంది. దాని స్థానంలో ఏ స్పీకరు పెట్టాలన్నది పైకి విడిభాగాల కొట్టులో తేలిపోయే విషయంలా కనిపిస్తుంది. కానీ దర్శనకారులు శతాబ్దాలుగా వాదించుకున్న రెండు ప్రశ్నలు దాని అడుగున ఉన్నాయి. ధ్వనిని స్పీకరు పుట్టిస్తుందా, లేక ముందే ఉన్నదాన్ని బయటపెడుతుందా? ముఖ్యమైన భాగం మారిన తరువాత కూడా వస్తువు మునుపటి వస్తువేనా?

వాదానికి తావులేని సంగతులు కొన్నున్నాయి, వాటిని ముందుగా తేల్చుకోవాలి. పెట్టెలో రంధ్రం 12 అంగుళాల స్పీకరుకు చేసినదైతే 12 అంగుళాల స్పీకరే పడుతుంది. ఇంపిడెన్స్ (మారే కరెంటుకు ఎదురయ్యే నిరోధం) 4, 8, 16 ఓమ్‌లలో యాంప్లిఫయరు కోరినదే ఉండాలి. మీటరు పెట్టి కొలిస్తే 8 ఓమ్‌ల స్పీకరు ఆరేడు ఓమ్‌లే చూపిస్తుంది. మీటరు కొలిచేది నిలకడ కరెంటుకు ఉన్న నిరోధాన్ని మాత్రమే కాబట్టి అది లోపం కాదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరుకు తక్కువ ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే అది ఎక్కువ కరెంటు లాగి ట్రాన్సిస్టర్లను కాల్చేయవచ్చు. వాల్వ్ యాంప్లిఫయరు సంగతి వేరు. దానికి అసలు స్పీకరే లేకుండా వాయించడం అన్నిటికంటే ప్రమాదం, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఇక వాట్లు: వాల్వ్ యాంప్లిఫయరును గొంతు చించుకునేలా వాయించినప్పుడు కాగితం మీద రాసిన శక్తికి మించి బయటికి వస్తుంది. అందుకే ఒకే స్పీకరున్న పెట్టెలో యాంప్లిఫయరు వాట్లకు రెట్టింపు తట్టుకునేది వేయడం మంచి పద్ధతి. అయితే వాక్స్ ఏసీ30 యాంప్లిఫయరులో ప్రసిద్ధమైన సెలెస్టియన్ బ్లూ స్పీకర్లు రెండు, ఒక్కొక్కటి 15 వాట్లకే తయారైనవి. 30 వాట్ల యంత్రానికి సరిగ్గా 30 వాట్ల స్పీకర్లన్నమాట, మిగులు ఏమీ లేదు.

సెన్సిటివిటీ దగ్గర కొలత నుంచి అభిరుచిలోకి జారడం మొదలవుతుంది. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్‌లు ఇవి. మూడు డెసిబెల్‌ల తేడా యాంప్లిఫయరు శక్తి రెట్టింపు కావడంతో సమానం. 97 డెసిబెల్‌ల స్పీకరుతో 30 వాట్లు ఎంత మోత ఇస్తాయో, 100 డెసిబెల్‌ల స్పీకరుతో 15 వాట్లు అంతే ఇస్తాయి. చిన్న గదిలో వాయించేవారికి తక్కువ సెన్సిటివిటీయే వరం. యాంప్లిఫయరును గట్టిగా నడిపించి దాని గరగరను రాబట్టవచ్చు, పక్కింటివారూ బతుకుతారు. కొనేవాళ్లు ఎక్కువగా వాట్ల అంకె చూసి ఈ అంకెను వదిలేస్తారు. వినికిడిలో తేడా తెచ్చేది మాత్రం ఇదే.

ఆ తరువాతిది నాదం, తాత్త్విక చిక్కు ఉన్నది అక్కడే. పాటలు వినే స్టీరియో స్పీకరు నుంచి ఆశించేది తనదంటూ ఏదీ చేర్చకపోవడం. గిటార్ స్పీకరు అలా తయారు కాదు. దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక దాని స్పందన నిటారుగా పడిపోతుంది. రెండు నుంచి నాలుగు వేల మధ్య ఎగిసిపడుతుంది. పలచని కాగితపు కోన్ గట్టిగా ఊగినప్పుడు తనంతట తానే వంకరపోయి కొత్త స్వరాంశాలు కలుపుతుంది. బాగా వక్రీకరించిన గిటార్ సంకేతాన్ని స్టీరియో స్పీకరులో వింటే తేనెటీగల రొద తప్ప గిటార్ వినపడదు. అంతేకాదు, వాల్వ్ యాంప్లిఫయరు విషయంలో స్పీకరు ఇంపిడెన్స్ ప్రతి పౌనఃపున్యం దగ్గర మారుతూ యాంప్లిఫయరు నడకనే మారుస్తుంది. చివర కూర్చున్నది మొదటిదాన్ని దిద్దుతోంది.

భారతీయ దర్శనాల్లో శబ్దం గురించి మీమాంసకులు, నైయాయికులు తలపడినది సరిగ్గా బయటపెట్టడానికి, పుట్టించడానికి మధ్య ఉన్న ఈ గీత మీదే. మీమాంసకుల లెక్కలో వర్ణం (మాటలోని అక్షర శబ్దం) నిత్యం, నోటి నుంచి వెలువడే ధ్వని దాన్ని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదు. నైయాయికులకు శబ్దం ఆకాశానికి గుణం, అనిత్యం. అది సంయోగ విభాగాల వల్ల పుట్టి, ఒక అల మరో అలను లేపినట్టు మరో శబ్దాన్ని పుట్టిస్తూ చెవిని చేరుతుంది. ఆంధ్రుడని పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని ధ్వని, వర్ణం అని రెండుగా విడదీసి, భేరి మోత వంటివాటిని ధ్వనిలో చేర్చాడు. ఆ విభాగం ప్రకారం గిటార్ మోత కూడా ధ్వనే. మీమాంసకుల నిత్యత్వం వర్ణాలకు సంబంధించినది కనుక వారిని గిటార్ వివాదంలోకి పూర్తిగా ఈడ్చుకురావడం న్యాయం కాదు. అయినా వారు గీసిన భేదం, అంటే వ్యక్తం చేయడం వేరు, పుట్టించడం వేరు అన్నది, ఇక్కడ అక్కరకొస్తుంది. స్టీరియో స్పీకరు వ్యంజకంగా ఉండాలని తయారైంది. గిటార్ స్పీకరు ఉత్పాదకం. యాంప్లిఫయరు అసలు సౌండును బయటపెట్టే స్పీకరు కావాలని అడిగేవారు, స్పీకరుకు ముందే ఎక్కడో పూర్తయిన సౌండు ఒకటి దాగి ఉందని నమ్ముతున్నారు. అలాంటిది ఉన్నట్టు ఏ కొలతా చూపదు.

చరిత్ర కూడా ఉత్పత్తి పక్షానికే బలమిస్తుంది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45 యాంప్లిఫయరు సర్క్యూటు దాదాపుగా అమెరికన్ ఫెండర్ బాస్‌మన్‌కు నకలు. బాస్‌మన్‌లో వెనుక తెరిచి ఉన్న పెట్టె, 10 అంగుళాల జెన్‌సెన్ స్పీకర్లు నాలుగు. మార్షల్ వాడినది మూసిన పెట్టె, 12 అంగుళాల సెలెస్టియన్లు నాలుగు. ఆ నకలు నుంచే వేరే సంగీతం పుట్టింది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా వేరు కాబట్టి ఘనతంతా స్పీకర్లకే కట్టబెట్టలేం. కానీ వాటిని పక్కన పెట్టి ఈ కథ చెప్పడం కుదరదు.

భాగం మారాక వస్తువు అదేనా అన్న రెండో ప్రశ్నకు పాశ్చాత్యుల పాత ఉదాహరణ థీసియస్ ఓడ. పుచ్చిన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ ఏథెన్స్‌వారు దాన్ని కాపాడారని ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పలకలతో రెండో ఓడ కడితే ఏది అసలుదని 17వ శతాబ్దంలో హాబ్స్ అడిగాడు. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువు రథాన్ని చక్రం, ఇరుసు, నొగ అని విడదీసి, వీటిలో ఏదీ రథం కాదనీ వీటిని ఆనుకుని రథమనే పేరు మాత్రమే నడుస్తోందనీ మిళింద రాజుకు చెబుతాడు. అవయవాలకు మించి అవయవి అనే నిజమైన వస్తువు ఉందని నైయాయికుల పట్టు. కానీ ఆ పట్టుకు వారు చెల్లించే మూల్యం పెద్దది. ఒక అవయవం తొలగితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. ఆ లెక్కన స్పీకరు విప్పిన క్షణంలోనే పాత యాంప్లిఫయరు పోయింది. "ఇది అదే" అనే గుర్తింపును వారు సజాతీయత వల్ల కలిగేదిగా వివరిస్తారు.

స్పీకరు మార్చేవారికి ఈ వివరణ ఎంతో ఉపకరిస్తుంది. కొత్త స్పీకరు వేసి మళ్లీ అదే సౌండు వచ్చిందని ఎవరైనా అంటే, ఒకే జాతికి చెందిన రెండు శబ్దాలను మనసు కలుపుతోందనే అర్థం. కోరవలసినది కూడా ఆ జాతి సామ్యమే. మోడల్ పేరు ఒకటైనంత మాత్రాన అది రాదు. ముప్పై ఏళ్లు ఊగి మెత్తబడిన కోన్‌కు, పెట్టెలోంచి అప్పుడే తీసిన బిరుసు కోన్‌కు పేరొకటే, మోత వేరు. రీకోనింగ్ ఈ చిక్కును ఇంకా ముడివేస్తుంది: అయస్కాంతం, ఇనుప చట్రం పాతవి, కోన్, కాయిల్ కొత్తవి. చట్రం మీది తేదీ ముద్ర పాత స్పీకరే అంటుంది, చెవి కాదంటుంది. ఎంపికలో ముద్ర కన్నా చెవికే ఎక్కువ అధికారం ఇవ్వడం సబబు.

అలాగని చెవి కోరేది ఎప్పుడూ బాగున్న స్పీకరేనని కూడా అనలేం. 1964లో కింక్స్ బృందం "యు రియల్లీ గాట్ మీ" రికార్డు చేసేటప్పుడు డేవ్ డేవీస్ వాడిన సౌండు, తన చిన్న యాంప్లిఫయరు కోన్‌ను బ్లేడుతో కోసి తెచ్చుకున్నది. స్పీకరు పని ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించడమే అయితే ఆ కోత పాడుచేయడం. పుట్టించడం అయితే అది తయారీలో ఒక దశ. అలాంటి యాంప్లిఫయరుకు కొత్త స్పీకరు వేయడాన్ని మరమ్మతు అనడం కష్టం.

కాబట్టి ఎంపిక దేనికోసమన్నది ముందు తేలాలి. వాయించడానికే అయితే పాత పేరును వెతకనక్కర లేదు. ఓమ్‌లు, వాట్లు సరిపోయాక, అదే పెట్టెలో, అదే గిటార్‌తో, మోత సమానం చేసి వినాలి. డెసిబెల్ ఎక్కువున్న స్పీకరు ఊరికే మెరుగ్గా వినిపించి మోసం చేస్తుంది కాబట్టి ఆ సమానత తప్పనిసరి. పాత యంత్రాన్ని చరిత్రగా నిలపడానికైతే అసలు స్పీకరును, పలకకపోయినా, పారేయకుండా యంత్రంతో పాటు ఉంచాలి. పాత సరుకుల మార్కెట్‌లో రీకోన్ చేసినదానికంటే అసలు కోన్ ఉన్నదానికి ధర ఎక్కువ. అక్కడ కొనేవారు చెల్లించేది శబ్దానికి కాదు, యంత్రం గడిపిన కాలానికి. అందుకే అమ్మేవారు ఏ భాగం ఎప్పుడు మారిందో చెప్పి తీరాలి. రథంలా యాంప్లిఫయరూ పేరు మీదే నడుస్తున్నప్పుడు, ఆ పేరు కింద ఏవేం చేరాయో కొనేవారికి తెలిసే దారి అదొక్కటే.