తలుపు చాటు మంచినీళ్ళు

ఓ రంజాన్ మధ్యాహ్నం నా భార్య వంటింటి తలుపు చాటున మంచినీళ్ళు తాగుతోంది. పదేళ్ళ మా వాడు చూశాడు. "అమ్మీ, రోజా లేదా?" అన్నాడు. "తలనొప్పి బేటా, గోలీ వేసుకున్నా" అంది. రంజాన్‌లో అబద్ధమాడకూడదని వాడికి నేర్పింది ఆమే. పక్కగదిలో ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

బహిష్టు రోజుల్లో రోజా ఉండకూడదనీ, వాటిని తర్వాత ఖజా చేసుకోవాలనీ షరియత్ స్పష్టంగానే చెప్పింది. అల్లా ఇచ్చిన మినహాయింపును కన్నకొడుకు దగ్గర దాచుకోవడమేమిటి? దీనికి మనం పెట్టుకున్న పేరు హయా.

"మీవాళ్ళు ఇలాంటివి పిల్లలతో అస్సలు మాట్లాడరట గదా" అన్నాడు ఆఫీసులో ఓ మిత్రుడు. మీవాళ్ళు మాట్లాడతారా అంటే నవ్వేశాడు. 2007లో బడుల్లో కౌమార విద్య పాఠాల్ని ఆపింది మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాల ప్రభుత్వాలు. మౌల్వీలు కారు. ఇటు మా మొహల్లా పెద్దలేమో "ఇదంతా అంగ్రేజీ చదువుల ఖరాబీ" అంటారు. అదీ నిజం కాదు. స్త్రీకి కలలో స్ఖలనమైతే గుసుల్ చెయ్యాలా అని మదీనా స్త్రీ ఉమ్మె సులైమ్ ప్రవక్తనే అడిగిందనీ, ఆయన జవాబిచ్చారనీ హదీసుల్లో ఉంది. గుసుల్ ఎప్పుడు ఫర్జ్ అవుతుందో మక్తబ్‌లో పదకొండేళ్ళకే మాచేత వల్లె వేయించారు. ఇంటికొచ్చి అర్థం అడిగితే అబ్బా చెంప పగలగొట్టారు.

అయితే కితాబుల్ని వెనకేసుకొచ్చి నేను తప్పించుకోలేను. పాకీ, నాపాకీ గురించి చెప్పినంత వివరంగా అవి పిల్లల భయం గురించి చెప్పవు. ఎవరి చెయ్యి ఎక్కడ పడితే కేక పెట్టాలో చెప్పవు. 2012లో పోక్సో చట్టం వచ్చింది. జరిగింది చెప్పడానికి మాటే లేని బిడ్డకి ఏ చట్టం అందుతుంది? మా ఇంట్లో రెండు భాషలున్నాయి. ఒంటి గురించి చెప్పబోతే ఉర్దూలో అరబ్బీ మాట వస్తుంది, తెలుగులో బూతుమాట గుర్తొస్తుంది. మధ్యలో పిల్లలు మూగవాళ్ళవుతున్నారు.

ఒంటికి మర్యాద ఇవ్వడం హయా. ఆ మర్యాద ఏమిటో చెప్పకుండా పిల్లలకెలా వస్తుంది?

ఆ రాత్రి తరావీ నమాజు నుంచి వస్తూ "అమ్మీది తలనొప్పి కాదు బేటా" అని మొదలుపెట్టాను. సగం ఉర్దూ, సగం తెలుగు. చాలా తడబడ్డాను. వాడు మాత్రం తడబడలేదు. అంతా విని, "ముందే చెప్తే నేనే నీళ్ళు తెచ్చిచ్చేవాణ్ణి గదా అబ్బా" అన్నాడు.