ఉరికంబముండిన చోట

సికింద్రాబాదులో నేడు గాంధీ ఆసుపత్రి యున్న చోట పూర్వము ముషీరాబాదు జైలుండెను. భూమయ్య, కిష్టాగౌడు అనువారిని హత్యానేరముపై 1975 డిసెంబరు 1న అక్కడనే ఉరితీసిరి.

చంపినవానికి చావే తగునని మీరందురేమో. కయీను తమ్ముని చంపినప్పుడు దేవుడు వానిని దేశదిమ్మరిని చేసెను గాని, ఎవడును వానిని చంపకుండ గురుతు వేసెను. శిక్ష తప్పలేదు, మారుమనస్సునకు గడువు మిగిలెను.

1993లో చిలకలూరిపేట యొద్ద బస్సు తగులబెట్టి 23 మందిని చంపిన ఇద్దరికి పడిన ఉరిని 1998లో రాష్ట్రపతి యావజ్జీవశిక్షగా మార్చెను. చనిపోయినవారి యిండ్లలోని దుఃఖమును మరచి దయనుగూర్చి మాటలాడుట నాకిష్టము లేదు. అయినను ఉరిత్రాడు వారిలో ఎవరిని తిరిగి తెచ్చియుండును? మీ గ్రామమున హత్య జరిగినయెడల, హతుని భార్యకు పంట కోసిపెట్టుటకు సంఘములో ఎవరు వెళ్లుదురు?