మన గురించి మనం చెప్పుకోవడం తప్పా?

వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల్లో, మాచర్ల వైపు చెంచు గూడేల్లో బాగా పరుగెత్తే పిల్లలకు, కబడ్డీ కూతకు వెళ్లే పిల్లలకు కొదవ లేదు. కొదవ వాళ్లను చూసే కళ్లకే. కాలేజీ జట్టుకు ఆటగాళ్లను ఎంచే కోచ్ ఎక్కడో పట్నంలో ఉంటాడు. ఆయనకు మన తండా దారి తెలియదు. ఈమెయిల్ రాయమంటే పిల్లలు వెనకాడతారు. "మన గురించి మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది?" అంటారు.

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. వేటలో దొరికింది పంచుకు తిన్నవాళ్లం, తీజ్ పండుగకు అందరం కలిసి ఆడినవాళ్లం. 'నేను, నేను' అనేవాణ్ణి మన పెద్దలు మెచ్చలేదు. ఆ అణకువ మంచిదే. కానీ అందులో ఆఫీసు గుమ్మాల ముందు చేతులు కట్టుకు నిలబడ్డ తరాల భయం కూడా కలిసిపోయింది. అణకువను ఉంచుకుందాం, భయాన్ని వదిలేద్దాం.

"నా అంతటివాడు లేడు" అంటే గొప్పలు. "ఫలానా తేదీన, ఫలానా పోటీలో 400 మీటర్లు ఇన్ని సెకన్లలో పరుగెత్తాను" అంటే సాక్ష్యం. సాక్ష్యం నిజంగా ఉండాలి. చేతి వాచీతో కొలిచిన టైమైతే ఆ మాటా రాయాలి. ఒక్క సెకను తగ్గించి రాసినా మైదానంలో తేలిపోతుంది. ఆ తర్వాత మన వైపు నుంచి రాసే మరో బిడ్డను కూడా నమ్మరు.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. గురుకుల సంస్థ వాళ్లు పిల్లలను ఎంపికచేసి భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించారు కాబట్టే ఆమె శక్తి బయటపడింది. అలా వెతుక్కుంటూ రావడమే న్యాయం. కానీ వాళ్లు వచ్చేదాకా వయసు ఆగదు. ఈలోగా మిర్చి కోతలకు వెళ్లిన పిల్ల మళ్లీ మైదానానికి రాకపోవచ్చు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల ఉత్తరం మీరే రాసేయకండి, పక్కన కూర్చుని రాయించండి. పేరు, తరగతి, ఆట, సాధించిన ఫలితాలు, చిన్న వీడియో, పీఈటీ గారి నంబరు, ఆ కాలేజీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారో రెండు మాటలు చాలు. ఇంట్లో పెద్దలకు చెప్పి పంపించండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ రాయించండి.

అప్పటికీ రాకపోతే అది బిడ్డ విలువ మీద తీర్పు కాదు. మనం నిజం చెప్పాం. వినాల్సిన బాధ్యత ఇక వాళ్లది. మరో కోచ్‌కు రాద్దాం.