సంతకము క్రింది సూక్తి

ఉత్తరమును సంతకముతో ముగించుట పూర్వాచారము. పైన వ్రాసినదానికి తానే బాధ్యుడనని వ్రాసినవాడు ఇచ్చు మాట అది. నేటి కార్యాలయపు ఈ-మెయిలులో సంతకము క్రింద మహనీయుల సూక్తియు నొకటి చేరుచున్నది.

లోకమున కోరిన మార్పు మొదట తనయందే రావలెనను భావముగల వాక్యమొకటి గాంధీజీ పేరిట తరచుగా కనబడును. ఆ వాక్యము ఆ రూపమున ఆయన రచనలలో లేదు. మనుష్యుడు తన స్వభావమును మార్చుకొనినచో లోకము అతనియెడల చూపు వైఖరియు మారునని, ఇతరులు ఏమి చేయుదురోయని వేచియుండ నక్కరలేదని 1913లో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ఆయన వ్రాసెను.

సూక్తిని ఒకసారి అమర్చినచో యంత్రము ప్రతి ఉత్తరమునకును దానిని అతికించును. ఫించను ఆగిపోయిన వృద్ధురాలికి, మరల దరఖాస్తు చేసికొనుమని పంపిన పొడి జవాబు క్రిందను ఆ వాక్యమే నిలుచును. మారవలసినది తానా, వ్రాసిన అధికారియా యని ఆమెకు సందేహము కలిగినచో తప్పు ఆమెది కాదు.

ఉత్తరము పంపుటకు ముందు ఆ సూక్తిని తానే ఒకసారి చదివి, పైన వ్రాసిన మాటలను దానితో సరిచూచుకొను అధికారి ఒకటి రెండు మాటలైనను దిద్దును. దిద్దుటకు మనసొప్పనినాడు సూక్తిని తీసివేసి, సంతకమును మాత్రమే ఉంచుట నిజాయితీ.