పాత చిరునామాలో సమయం

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో మా గృహప్రవేశానికి విజయవాడ నుంచి మా శాస్త్రిగారినే రప్పించాం. సంకల్పంలో ఆయన శ్రీశైలానికి ఈశాన్యంలో ఉన్నామనేశారు. నలభై ఏళ్ల అలవాటు మరి. "ఇక్కడికి వాయవ్యం కదండీ" అన్నాను, తెలివి చూపించుకుందామని. ఆయన తడబడ్డారు. గొలుసు తెగింది. కల్పం, మన్వంతరం దగ్గర్నుంచి మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చింది. మా ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నాది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. పోయినేడు ఒక రైసు మిల్లు లెక్కల ప్రోగ్రాం నా నెత్తిన పడింది. పీహెచ్‌పీ 5.3లో రాసింది, సెంట్‌ఓఎస్ 6 మీద నడిచేది. ఆ సెంట్‌ఓఎస్‌కు 2020 నవంబరు 30తోనే నూకలు చెల్లాయి. రాసిన కుర్రాడి జాడ లేదు. పీహెచ్‌పీ 7కు మారుద్దామంటే అందులో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లే లేవు, అంతా తిరగరాయాలి. అందుకని కొత్త మెషీను మీద కొత్త లినక్స్ వేసి, పాత సంసారాన్నంతా ఒక కంటైనర్‌లో కూర్చోబెట్టాను. పుట్టగానే పోయింది. 139 అన్న అంకె తప్ప లాగ్‌లో ఒక్క ముక్క లేదు. రెండు రాత్రులు నిద్ర లేదు.

చివరికి తేలిందేమిటంటే, అది టైమెంతని అడుగుతూ చచ్చిపోతోంది. అప్పటి ప్రోగ్రాములు సమయం కోసం మెమరీలో ఒక స్థిరమైన చిరునామాకు వెళ్లేవి. దాని పేరు విసిస్కాల్. ఏ మెషీనులోనైనా అదే చోటు కాబట్టి దొంగలకూ తెలిసిపోతుందని, కొన్ని కొత్త లినక్స్‌లలో దాన్ని మూసేశారు. నా మెషీనులోనూ అంతే. బూట్ లైనులో 'విసిస్కాల్=ఎమ్యులేట్' అని చేర్చాను. ఇప్పుడు ఆ చిరునామాలో ఎవరూ కాపురం లేరు. పాత ప్రోగ్రాం అక్కడి తలుపు తట్టగానే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ మధ్యలో అందుకుని, తనే ఆ ఇంటివాడైనట్టు జవాబు చెబుతుంది. మిల్లు బిల్లులు మళ్లీ మొదలయ్యాయి. (బయటి ఇంటర్నెట్‌కు మాత్రం తలుపులన్నీ బిగించాను. ముసలి ప్రోగ్రాంను బజారులో వదలకూడదు.)

అప్పట్నుంచి నన్నొక ప్రశ్న పీకుతోంది. నేను చేసింది మోసమా?

అద్వైతులు సత్తను మూడంతస్తులుగా చెబుతారు: పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం. తాడులో కనబడ్డ పాము మూడోది, దీపం తెస్తే పోతుంది. ఈ చిరునామాను ఆ పాముతో కలపడానికి నాకు మనసొప్పలేదు. పాము వల్ల ఎవరికీ పని జరగదు, భయం తప్ప. ఇక్కడ పని జరుగుతోంది. అన్నిటికంటే ముఖ్యం, కెర్నెల్ చెప్పే సమయం సెకనుతో సహా నిజం. అబద్ధమల్లా అది ఎక్కణ్నుంచి వస్తోందన్నదే. మాయ ఈశ్వరుడి చెప్పుచేతల్లో ఉంటుందని, జీవుడు మాయ చెప్పుచేతల్లో ఉంటాడని వేదాంతులంటే, చిన్నప్పుడు మాటల గారడీ అనుకునేవాణ్ని. ఇప్పుడు చూస్తే, ఆ చిరునామా ఉత్తదని కెర్నెల్‌కు తెలుసు, ప్రోగ్రాంకు తెలియదు. (కెర్నెల్‌ను ఈశ్వరుడనడం లేదు. ఈశ్వరుడికి నెలనెలా ప్యాచ్‌లు వేయక్కర్లేదు.)

ఆ మధ్య అలంపురం వెళ్లాను. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట, కూడవెల్లిలో ఉండే సంగమేశ్వరుడి గుడి శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోతుందని, రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. గుడి ముందు సంగమం లేదు. స్వామి పేరు మాత్రం సంగమేశ్వరుడే. ఆ పేరుతో పిలిచి దణ్నం పెట్టుకునేవాళ్లను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వాళ్ల మొక్కు చిరునామా తప్పి ఎటో పోతోందని నాకేమీ అనిపించలేదు.

మొన్న కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి శాస్త్రిగారు మళ్లీ వచ్చారు. ఆచమనం చేయించి, కళ్లు మూసుకుని, సంవత్సరం, మాసం, తిథి ఒక్క పొల్లు తప్పకుండా చెప్పారు. ఊరు మాత్రం మళ్లీ ఈశాన్యంలోనే ఉంది. మా ఆవిడ నావైపు చూసింది. నేను అక్షతలు పట్టుకుని తలవంచుకున్నాను.