గురి కుదిరితే సరిపోతుందా?



మన ఫెలోషిప్‌లో వేట గురించి మాట్లాడుకోవడం తక్కువే. కానీ టెక్సస్‌లో నవంబరు వచ్చిందంటే ఆఫీసులో సగం మాటలు జింకల గురించే. మనవాళ్లలోనూ లైసెన్సు తీసుకుని వెళ్తున్నవారు ఉన్నారు. వారిలో నేనొకడిని.

వేట పాపమా కాదా అన్నది ఈరోజు నా ప్రశ్న కాదు. ఆదికాండము 9వ అధ్యాయంలో దేవుడు నోవహుకు మాంసాన్ని ఆహారంగా ఇచ్చాడు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో తినదగిన జంతువుల వరుసలో దుప్పి, జింక ఉన్నాయి. నా ప్రశ్న వేరు. చంపడానికి అనుమతి ఉన్న ప్రాణికి కూడా మనం ఏమైనా బాకీ ఉన్నామా?

నేను మొదట కొన్నది .223 రైఫిల్. కాల్చినప్పుడు భుజానికి దెబ్బ తక్కువ, తూటాలు చవక. సాఫ్ట్‌వేర్ బుద్ధి ఊరుకోదు కదా! నాలుగు రకాల బుల్లెట్లు తెచ్చి, 100 గజాల దూరంలో కాగితం మీద కాల్చి, కొలతలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్నాను. 55 గ్రెయిన్ల బుల్లెట్ ఒకటి గెలిచింది. అంటే దాదాపు మూడున్నర గ్రాముల బరువు. ఐదు రంధ్రాలూ ఒక క్వార్టర్ నాణెం కింద దాగిపోయాయి. డబ్బా మీద అది చిన్న జంతువులకని రాసి ఉన్నా పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం జింక 90 గజాల్లో ఏటవాలుగా నిలబడింది. బుల్లెట్ భుజానికి తగిలింది. జింక తూలి, లేచి, పొదల్లోకి పరుగెత్తింది. టార్చి లైట్లు పట్టుకుని రెండు గంటలు వెతికాం. కాస్త వెంట్రుకలు, నాలుగు రక్తపు చుక్కలు కనిపించాయి, అంతే. తెల్లవారాక మళ్లీ వెతికినా దొరకలేదు.

నాతో వచ్చిన సంఘపు అన్నయ్య అడిగాడు: "గురి తప్పిందా తమ్ముడూ?"

"లేదన్నా, పెట్టిన చోటే తగిలింది."

"మరి తప్పు ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చాలా చదివాను. నేను వాడినలాంటి బుల్లెట్‌కు రాగి తొడుగు పలుచగా ఉంటుంది. కయోటీ లాంటి చిన్న జంతువుకు తగలగానే ముక్కలైపోవాలని అలా చేస్తారు. జింక భుజపు ఎముకకు తగిలితే అది పైపైనే చిట్లి, వెడల్పైన గాయం చేసి, ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే ఆగిపోవచ్చు. జింకకు కావలసింది తొడుగు మందంగా ఉన్నది, లేదా పూర్తిగా రాగితో చేసినది. అది లోపల విచ్చుకుంటుంది కానీ విడిపోదు. కుందేలుకైతే .22 రిమ్‌ఫైర్ చాలు. వేగమైన .223 వాడితే తినడానికి మాంసం మిగలదు.

కాగితానికి ఎముక లేదు, ప్రాణం లేదు. నా లెక్క కాగితానికి సరిపోయింది, జింకకు సరిపోలేదు. టెస్టుల్లో పాసైన కోడ్ వాడేవాళ్ల చేతికి వెళ్లాక కూలిపోవడం మనకు తెలియనిదా?

చట్టం ఒప్పుకుంది కదా అంటారా? టెక్సస్‌లో .223తో జింకను కాల్చవచ్చు. వర్జీనియాలో .23 కంటే చిన్న క్యాలిబర్ కుదరదు. కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల బరువు, పైగా విచ్చుకునే బుల్లెట్ ఉండాలి. రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది, జింక బాధ మారదు. అనుమతి ఉన్నవన్నీ మేలు చేయవని పౌలు కొరింథీయులకు రాసింది (1 కొరింథీ 10:23) ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఒక చిత్రమైన సంగతి. విచ్చుకునే బుల్లెట్లకు "దమ్ దమ్" అనే పేరు కలకత్తా దగ్గరి దమ్ దమ్ ఆయుధాగారం నుంచి వచ్చింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. అదే రకం బుల్లెట్‌ను కొలరాడో వేటగాడికి తప్పనిసరి చేసింది. ఇందులో వైరుధ్యం లేదు. యుద్ధంలో గాయపడినవాడు బతకాలన్నది దయ. వేటలో జంతువు ఎక్కువసేపు బాధపడకూడదన్నది దయ. వస్తువు ఒక్కటే అయినా, ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి దయ రూపం మారుతుంది.

అయితే పెద్ద తుపాకి కొంటే సరిపోతుందా? అదీ కాదు. దాని దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునేవాడు ఇంకా ఎక్కువ గాయపరుస్తాడు. నేను ఇప్పుడు .243లో 100 గ్రెయిన్ల బుల్లెట్ వాడుతున్నాను. 150 గజాలు దాటితే కాల్చను. జింక పక్కకు తిరిగి నిలబడకపోతే కాల్చను. మాంసంలో సీసం ముక్కలు మిగిలిపోవచ్చు కాబట్టి, గాయం చుట్టూ ఉన్న భాగాన్ని ధారాళంగా కోసి పారేస్తాను. ఫెలోషిప్ భోజనంలో పిల్లలు కూడా తింటారు కదా.

లేవీయకాండము 17:13 చూడండి. వేటాడినవాడు ఆ రక్తాన్ని నేల మీద ఒలికించి మట్టితో కప్పాలి. ఎందుకు? ప్రాణం దేవునిది. తినమని ఇచ్చినా, ఆ ప్రాణానికి యజమానులం మనం కాదు. ఆ మట్టి కప్పేటప్పుడు వేటగాడు ఒక్క నిమిషం వంగాలి. నా జింక రక్తాన్ని కప్పే అవకాశం నాకు దొరకలేదు. అది ఎక్కడ పడిందో దేవునికే తెలుసు.

వేటకు వెళ్లని మీరు "ఇది నాకు సంబంధం లేదు" అనుకోకండి. ప్యాకెట్‌లో కోడిమాంసం కొనేటప్పుడు, ఆ కోడి ఎలా బతికిందో, ఎలా చచ్చిందో అన్న ప్రశ్నను మనం వేరొకరికి అప్పగించాం. ప్రశ్న మాత్రం పోలేదు. నీతిమంతుడు తన పశువు ప్రాణం గురించి ఆలోచిస్తాడని సామెతలు 12:10 చెబుతోంది. మన చేతిలోని అధికారం ఇంట్లోదైనా, ఆఫీసులోదైనా, ఎదుటి ప్రాణికి ఏమవుతుందో చూడకుండా మన గురిని చూసుకుని మురిసిపోతే చాలదు.

పోయిన సీజన్లో మూడు ఉదయాలు కూర్చున్నాను. ఒక్క తూటా కూడా పేల్చకుండా ఇంటికి వచ్చాను. సంతోషంగానే వచ్చాను.

మనకు అప్పగించిన ప్రతి ప్రాణి విషయంలో ప్రభువు మనకు మెలకువగల మనస్సాక్షిని దయచేయును గాక. ఆమేన్.